ప్రైమరీ ఎన్నిక గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ అమెరికా ప్రైమరీ ఎన్నిక గారికి,

ఓ తెలుగు పాఠకుడు నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, అక్కడి పార్లమెంటు, అదే మీ కాంగ్రెస్, సభ్యుల ముఖాలు చూస్తేనే తెలిసిపోతోంది.

నిజానికి ఈ ఉత్తరం విప్ గారికి రాద్దామనుకున్నాను. పార్టీ మాట కాదన్నవాడి పని పట్టేది విప్పేనని మాకు అలవాటు. మా దగ్గర 1985లో రాజ్యాంగాన్ని సవరించి పదో షెడ్యూలు పెట్టుకున్నాం. విప్ ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. (పోవాలి, అనాలి. ఫిరాయింపు ఫిర్యాదు మీద స్పీకర్ గారి నిర్ణయం ఎప్పుడొస్తుందో తెలంగాణలో ఎవర్నయినా అడగండి. మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.) తీరా చూస్తే మీ దేశంలో విప్ అంటే ప్రధానంగా ఓట్లు లెక్కపెట్టుకునే ఉద్యోగం. పార్టీ పెద్దలకు మరీ కోపమొస్తే కమిటీలోంచి తీయించగలరు, ప్రచారానికి డబ్బు రాకుండా చూడగలరు. సీటు మాత్రం పీకలేరు. టికెట్ ఆపే అధికారమూ వాళ్ళకు లేదు. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే ముందుగా తేల్చే ఎన్నిక తమరు కాబట్టి, అది మీ చేతిలో ఉంది. అందుకే తమరి గుమ్మం ఎక్కాను.

మీ జాతకం చూశాను. విస్కాన్సిన్‌లో గవర్నర్ రాబర్ట్ లా ఫాలెట్ గారి పట్టుదల మీద 1903లో చట్టమై, మరుసటేడు ఓటర్ల ఆమోదం కూడా పొందారు. అప్పటిదాకా అభ్యర్థి ఎవరన్నది పార్టీ బాసులు సమావేశాల్లో తేల్చేసేవారు. ఆ పెత్తనం వాళ్ళ చేతుల్లోంచి లాగి జనానికివ్వాలన్నదే మీ పుట్టుకకు కారణం. అదే లా ఫాలెట్ 1924లో సొంత పార్టీని కాదని అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఆయన వెంట నిలబడ్డ రిపబ్లికన్ సభ్యుల సీనియారిటీ కమిటీల్లో గల్లంతయింది. బాసులు పోతారని మిమ్మల్ని కన్నాయన కూడా బాసుల్ని తప్పించుకోలేకపోయారు.

అయినా వయసులో ఉండగా మీకు పౌరుషం ఉండేది. 1938 ఆగస్టు 11, జార్జియాలోని బార్న్స్‌విల్ గుర్తుందా? పల్లెలకు కరెంటిచ్చే పథకం ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వచ్చారు. అదే వేదిక మీద సొంత పార్టీ సెనేటర్ వాల్టర్ జార్జ్ కూర్చుని ఉన్నారు. సుప్రీంకోర్టులో జడ్జీల సంఖ్య పెంచుకుందామన్న అధ్యక్షుడి ఆలోచనను ముందటేడు వ్యతిరేకించినవాళ్ళలో ఆయనొకరు. రూజ్‌వెల్ట్ మైకు ముందు నిలబడి, జార్జ్ నాకు మిత్రుడే గానీ నాకు ఇక్కడ ఓటుంటే ఆయన మీద పోటీకి దిగిన లారెన్స్ క్యాంప్‌కే వేస్తానని, మనిషిని పక్కన పెట్టుకునే చెప్పేశారు. జార్జ్ అధ్యక్షుడితో చెయ్యి కలిపి, సవాలు స్వీకరిస్తున్నానన్నారు. నెల తిరిగేసరికి మీరేం చేశారు? జార్జ్‌ని గెలిపించి, అధ్యక్షుడి మనిషిని మూడో స్థానంలో కూర్చోబెట్టారు. రూజ్‌వెల్ట్ ఓడించాలనుకున్న సొంత పార్టీ సెనేటర్లు, మేరీలాండ్‌లో టైడింగ్స్, సౌత్ కరొలైనాలో స్మిత్ కూడా గట్టెక్కారు. అంత హడావిడిలో రూజ్‌వెల్ట్‌కి చిక్కింది న్యూయార్క్‌లో ఓకానర్ ఒక్కరే. (ఆ రోజుల్లో జార్జియా డెమొక్రాట్ల ప్రైమరీలో నల్లజాతివారికి ఓటే లేదు. మీ పౌరుషం ఎవరి తరఫునో ఆ లెక్క వేరే ఉంది.)

అలాంటి మీరు ఇప్పుడెలా తయారయ్యారో చూడండి. 2021 జనవరి 13న డొనాల్డ్ ట్రంప్ ఇంపీచ్‌మెంట్‌కి, అంటే అభిశంసనకి, ప్రతినిధుల సభలో పదిమంది రిపబ్లికన్లు ఓటేశారు. వాళ్ళలో లిజ్ చేనీ ఆ సభలో పార్టీకి మూడో పెద్ద నాయకురాలు. ఆవిడను పదవిలోంచి తీసేయాలని ఫిబ్రవరిలో సొంత సభ్యులు రహస్య ఓటింగ్ పెడితే 145-61 తేడాతో ఆవిడే నెగ్గారు. మే 12న అదే సభ్యులు, అదే మనిషి, ఈసారి మూజువాణి ఓటు. దించేశారు. చీటీ మీద పేరు లేనప్పుడు పుట్టిన ధైర్యానికి మూడు నెలల్లోనే కాలం చెల్లింది.

ఇంకో ముచ్చట. ట్రంప్ వైఖరికి అనుకూలంగా ఓటేసిన లెక్క తీస్తే చేనీకి దాదాపు 93 శాతం మార్కులు. ఆవిడ స్థానంలో కూర్చోబెట్టిన ఎలిస్ స్టెఫానిక్‌కి సుమారు 78. ఫస్ట్ క్లాసు పిల్లను దింపేసి సెకండ్ క్లాసు పిల్లను క్లాసు లీడర్ని చేయడమన్నమాట. విధేయత అంటే బిల్లుల మీద ఓటు కాదని అప్పుడే అర్థమైంది నాకు.

చేనీ సొంత రాష్ట్రం వయోమింగ్‌లోని రిపబ్లికన్ పార్టీ ఇంకా ముచ్చటైనది. ఫిబ్రవరిలో మందలింపు తీర్మానం చేసింది, చల్లారలేదు. నవంబరులో 31-29 ఓట్లతో, చేనీని ఇకమీదట రిపబ్లికన్‌గా గుర్తించబోమని ఇంకో తీర్మానం. దాని చట్టబద్ధమైన ఫలితం? గుండుసున్నా. మరుసటేడు ఆవిడ రిపబ్లికన్ బ్యాలెట్ మీదే పోటీ చేశారు. తీర్మానాలు చేయలేని పని 2022 ఆగస్టు 16న మీరు చేసిపెట్టారు: సుమారు 37 పాయింట్ల తేడాతో ఓటమి. ఆ పదిమందిలో నలుగుర్ని మీరు ఓడించారు. మరో నలుగురు మీ దాకా రాకుండా, ముందే దణ్ణం పెట్టి ఇంటికెళ్ళిపోయారు. మిగిలింది ఇద్దరు.

అదే ఇంపీచ్‌మెంట్ విచారణలో సెనేట్‌లో ట్రంప్‌ని దోషి అన్న రిపబ్లికన్లు ఏడుగురు. చప్పట్లు కొట్టబోయి వాళ్ళ క్యాలెండర్లు తిరగేశాను. ముగ్గురు అప్పుడే 2020లో గెలిచి ఆరేళ్ళు నిశ్చింతగా ఉన్నవాళ్ళు. ఒకరికి 2024 దాకా గడువుంది. ఇద్దరు ఇక పోటీ చేయమని ముందే చెప్పేసినవాళ్ళు. రెండేళ్ళలో ఓటర్ల ముందుకెళ్ళాల్సింది అలాస్కా లీసా మర్కౌస్కీ ఒక్కరే. అమెరికాలో అంతరాత్మ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పాలంటే మీ తేదీ ఎంత దూరంలో ఉందో చూస్తే చాలు.

అంతరాత్మ అంటే గుర్తొచ్చింది. ఆ ఏడుగురిలో ఒకరైన పెన్సిల్వేనియా సెనేటర్ పాట్ టూమీ గురించి అక్కడి ఓ కౌంటీ పార్టీ అధ్యక్షుడు టీవీలో అన్నమాట: ఆయన్ని మేం అక్కడికి పంపింది అంతరాత్మ ప్రకారం ఓటేయమని కాదు, ‘సరైన పని’ చేయమనో, ఆయన ఏదో అన్నాడే, దానికో కాదు. ఇంత నిజాయితీ మా నాయకుల్లో దొరకదండీ. మావాళ్ళు పార్టీ మారినా నియోజకవర్గ అభివృద్ధి కోసమే అంటారు.

డెమొక్రాట్లు నవ్వక్కర్లేదు. తమ ఎంపీల మీద ప్రైమరీలో పోటీకి దిగినవాళ్ళకు పనిచేసే కన్సల్టెంట్లకు మా దగ్గర పని ఉండదని 2019లో ఆ పార్టీ ప్రచార కమిటీ నియమం పెట్టింది. రెండేళ్ళకు గుట్టుగా ఎత్తేసింది. 2022లో అరిజోనా పార్టీ తమ సెనేటర్ కిర్‌స్టన్ సినెమాని మందలిస్తే ఆవిడ ఆ ఏడాది చివరికల్లా ఇండిపెండెంట్ అయి కూర్చున్నారు. రిపబ్లికన్లు మీకు పూజ చేస్తారు, వీళ్ళు మీ గుడికి తాళం వేద్దామని చూస్తారు, అంతే తేడా.

ఇప్పుడు మీరు జరగక్కర్లేదు కూడా. 2025 జూన్ 28న నార్త్ కరొలైనా సెనేటర్ థామ్ టిల్లిస్, పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్‌లో కోతలు ఒప్పుకోనని, ట్రంప్ పెద్ద బిల్లును చర్చకు తేవడానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన మీద పోటీకి వచ్చినవాళ్ళతో మాట్లాడతానని అధ్యక్షుడు వెంటనే పోస్టు పెట్టారు. మర్నాడు టిల్లిస్ ఇక పోటీ చేయనని ప్రకటించారు. బ్యాలెట్ అచ్చవలేదు, అభ్యర్థి లేడు, ఒక్క ఓటు పడలేదు. పని అయిపోయింది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఆ ఏడుగురిలో ఒకరైన లూసియానా సెనేటర్, డాక్టర్ బిల్ కాసిడీ. కాలేయ వైద్యుడు. బేటన్ రూజ్ చుట్టుపక్కల వేలమంది బడిపిల్లలకు హెపటైటిస్-బి టీకాలు ఉచితంగా వేయించినాయన. 2021 ఫిబ్రవరి 13న ట్రంప్‌ని దోషి అన్నారు, అదే రోజు రాష్ట్ర పార్టీ మందలించింది. అక్కడ మొన్నటిదాకా అన్ని పార్టీలవాళ్ళూ ఒకే బ్యాలెట్ మీద పోటీ చేసేవారు. 2024 జనవరిలో ఆ పద్ధతి మార్చి, 2026 నుంచి కాంగ్రెస్ సీట్లకు విడివిడిగా పార్టీ ప్రైమరీలే ఉండాలని చట్టం చేశారు. అంటే డాక్టరు గారి ఇంటి ముందుకే మిమ్మల్ని బదిలీ చేశారు. 2025 ఫిబ్రవరి 4న, టీకాల మీద ఏళ్ళ తరబడి అనుమానాలు చల్లిన రాబర్ట్ కెనెడీ జూనియర్‌ని ఆరోగ్యమంత్రిని చేయాలా అన్నది సెనేట్ ఫైనాన్స్ కమిటీ ముందుకొచ్చింది. విచారణలో తన అనుమానాలు పైకే చెప్పిన కాసిడీ ‘సరే’ అన్నారు. లెక్క 14-13. హామీలు తీసుకున్నాకే ఓటేశానని ఆయన చెప్పారు. ఆయన మనసులోకి తొంగిచూసే పరికరం నా దగ్గర లేదు గానీ, ఆ రోజు మీరు గదిలో ఏ కుర్చీలో కూర్చున్నారో చెబితే విని పెట్టుకుంటాను.

ఇట్లు,
తమ ఓటరు కాని భాగ్యశాలి

తా.క.: పార్టీలో కూర్చోవడానికి చోటు లేదనిపించినవాళ్ళు తమ దగ్గరికి వస్తే ఒక కబురు చెప్పండి. ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్ 1952లో రిపబ్లికన్ పార్టీ వదిలేశారు. మరుసటి జనవరిలో, ఏ వైపు కూర్చోవాలో తేలక, మడత కుర్చీ ఒకటి తెచ్చుకుని సెనేట్ నడవలో వేసుకున్నారు. కమిటీ సీట్లు ఎలాగూ పీకేశారు. ఓటర్లు మాత్రం ఆయన్ని 1956లో, ఈసారి డెమొక్రాట్‌గా, మళ్ళీ గెలిపించారు.