ల్యాబులకు కోట్లు సరే, ఏపీపీ సంగతేంటి?

పెద్ద కేసు వీగిపోయిన మర్నాడు పోలీసులను తిడతాం. కొందరు జడ్జినీ వదలరు. ప్రభుత్వం తరఫున ఆ కేసు నడిపిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎవరో మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. వాళ్ల ట్రైనింగ్‌కు డబ్బు పెట్టాలన్న సంగతి బడ్జెట్ రాసేవాళ్లకూ పట్టినట్టు లేదు.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. వాటికి కొద్దిరోజుల ముందే ఫోరెన్సిక్ సదుపాయాల కోసం కేంద్రం రూ.2,254 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. మంచిదే. కానీ ల్యాబు ఇచ్చిన రిపోర్టును కోర్టులో నిలబెట్టాల్సింది ఎవరు? ఫోన్ రికార్డింగ్ సంగతే చూడండి. కొత్త సాక్ష్యాల చట్టం భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ కావాలి. అందులో హ్యాష్ వాల్యూ (ఫైల్‌ను మార్చలేదని చూపే డిజిటల్ గుర్తు) ఉండాలి, ఒక భాగంలో నిపుణుడి సంతకమూ ఉండాలి. చార్జిషీటు చేతికొచ్చిన రోజే ఆ సర్టిఫికెట్‌లో లోపం పట్టుకునే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఉంటే కేసు బతుకుతుంది. డిఫెన్స్ లాయర్ లేచి అడిగేదాకా తెలియకపోతే, అప్పుడు పడే టెన్షన్ ఎవరికీ ఉపయోగపడదు. కోర్టు కానిస్టేబుల్ పొద్దున్నే తెచ్చిన కేసు డైరీ ఫైల్‌ను వరండాలో తిరగేసి, గంటలో సాక్షిని విచారించే మనిషి హ్యాష్ వాల్యూ గురించి ఎప్పుడు నేర్చుకుంటారు?

ఇది కొత్తగా కనిపెట్టిన లోపం కాదు. గుజరాత్‌లో ఆరేళ్ల పాపపై అత్యాచారం, హత్య జరిగిన కేసులో నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాక, 2014 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ ఒక పని అప్పగించింది. వీగిపోయిన ప్రతి కేసునూ పోలీసు, ప్రాసిక్యూషన్ సీనియర్ అధికారులు కూర్చుని పరిశీలించాలి. అందులో బయటపడిన తప్పులనే ట్రైనింగ్‌లో పాఠాలుగా చెప్పాలి. ఇంతకంటే చవకైన సిలబస్ ఇంకోటి ఉండదు. అయినా మన జిల్లాల్లో ఆ పరిశీలనలో ఏం తేలిందో జనం ముందు పెట్టే అలవాటే లేదు.

క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 20వ సెక్షన్ జిల్లాస్థాయి ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ల గురించి చెప్పింది. శిక్ష పదేళ్లు, ఆపైన ఉండే కేసులను డైరెక్టర్, ఏడు నుంచి పదేళ్లలోపువి డిప్యూటీ డైరెక్టర్, అంతకు తక్కువవి అసిస్టెంట్ డైరెక్టర్ చూడాలట. కింద ఎంతమందిని పెట్టాలన్నది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. పని పంచారు, పైసల ఊసెత్తలేదు.

ఇంకో చిక్కుంది. ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ నుంచి వేరు చేయాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2021లో తెలంగాణలో 151 ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది పోలీసు నియామక మండలే. పరీక్ష ఎవరు పెడితేనేం అనొచ్చు. నాకు మాత్రం అది పాత బంధుత్వం తెగలేదనడానికి గుర్తులాగే కనిపిస్తుంది. ఇక సెషన్స్ కోర్టుల్లోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ల పోస్టులకు రాజకీయ గాలి తగలడం కొత్త కాదు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులనూ ఒకే ఉత్తర్వుతో తొలగిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. గాలి మారగానే పోయే పోస్టైతే ట్రైనింగ్‌కు పెట్టిన ఖర్చూ మనిషితోపాటే పోతుంది. అందుకే మొదటి రూపాయి శాశ్వత కేడర్‌లో ఉన్న ఏపీపీల మీద పెట్టాలంటాను.

డబ్బుకు దారి లేదనడం కుదరదు. ఫాస్ట్ ట్రాక్ ప్రత్యేక కోర్టులకు నిర్భయ నిధి నుంచి కేంద్రం 60 శాతం ఇస్తోంది, మిగతా 40 చాలా రాష్ట్రాలు భరిస్తున్నాయి. ఒక్కో కోర్టు ఖర్చు లెక్కలో ఒక జడ్జి, ఏడుగురు సిబ్బంది ఉన్నారు. తొమ్మిదో మనిషిగా ఒక ప్రాసిక్యూటర్‌ను, ఆయన ట్రైనింగ్‌ను అదే లెక్కలో చేర్చమని మన రెండు రాష్ట్రాలూ ఢిల్లీని అడగొచ్చు.