‘అతడు’ అనగా ఎవరు?

కోర్టుల్లో ఆడవాళ్లకు అన్యాయం జరుగుతోందన్న మాట తరచూ వినబడుతోంది. ఇది ఉత్త అపోహ. అసలు గొడవంతా వ్యాకరణంతో. న్యాయమూర్తులు పాపం సర్వనామాలతో ఎన్ని తంటాలు పడ్డారో తెలిస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది.

2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఎనిమిదో సెక్షన్ తీయండి. ‘అతడు’ అని ఉన్నచోట ఆడా మగా ఇద్దరూ వస్తారని స్పష్టంగా రాసి ఉంది. అంటే నేరం చేస్తే జైలుకు పోవడానికి ఆడమనిషికి ఏ అడ్డూ లేదు. ఇంతకంటే సమానత్వం ఏం కావాలి? 1916లో రెజీనా గుహ లా పాసై, ప్లీడరుగా చేర్చుకోమని కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ప్లీడర్ల చట్టంలోనూ ఉన్నది ‘అతడే’. పుంలింగంలో స్త్రీలింగం కూడా కలిసే ఉంటుందని చెప్పే జనరల్ క్లాజెస్ చట్టం అప్పటికే ఉంది. అయినా ఐదుగురు జడ్జీలు కూర్చుని, ఆ ‘అతడు’ వేరు, ఈ ‘అతడు’ వేరు అని తేల్చారు. బోనులో నిలబడేటప్పుడు అతడంటే ఆమె కూడా. బోను ఎదురుగా నిలబడి వాదించేటప్పుడు అతడంటే అతడే. సందర్భాన్ని బట్టి అర్థం చెప్పుకోవాలని చిన్నప్పుడు మాస్టారు చెప్పలేదూ? ఆ సందర్భం మారడానికి 1923లో ఏకంగా ఓ చట్టమే చేయాల్సి వచ్చింది.

లండన్‌లో 1913లోనూ ఇదే చిక్కు. గ్వినెత్ బెబ్ ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంది. డిగ్రీ పట్టా మాత్రం ఇవ్వలేదు, అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు ఇచ్చేవారు కాదు. సొలిసిటర్, అంటే అక్కడ ఒక రకం లాయరు, కావడానికి పరీక్ష రాయనివ్వమని కోర్టుకెక్కింది. ఇంతవరకూ ఏ ఆడమనిషీ సొలిసిటర్ కాలేదు కాబట్టి ఇకపైనా కావడానికి లేదని జడ్జీలు సెలవిచ్చారు. ఈత వచ్చేదాకా నీళ్లలో దిగొద్దన్నంత పకడ్బందీ తీర్పు.

అమెరికాలో జడ్జీలు ఇంకా సున్నిత హృదయులు. మైరా బ్రాడ్‌వెల్ షికాగోలో న్యాయవార్తల పత్రిక నడిపేది. ఆమె అచ్చేసింది చదువుకుని లాయర్లు కోర్టుల్లో వాదించుకోవచ్చు. ఆమే స్వయంగా వచ్చి వాదిస్తానంటే మాత్రం, స్త్రీకి సహజమైన బిడియమూ సౌకుమార్యమూ ఇలాంటి వృత్తులకు పనికిరావని 1873లో సుప్రీంకోర్టు జడ్జి బ్రాడ్లీ వివరించారు. అయోవా రాష్ట్రంలో మాత్రం ఒక జడ్జిగారు తొందరపడ్డారు. లాయరు కావాలంటే ‘తెల్లజాతి పురుషుడు’ అయి ఉండాలని చట్టం చెబుతున్నా, పురుషుడన్నారే గానీ స్త్రీ వద్దనలేదుగా అంటూ 1869లో అరబెల్లా మాన్స్‌ఫీల్డ్‌ను చేర్చుకున్నారు. చట్టాన్ని మరీ శ్రద్ధగా చదివితే ఇలాంటి ప్రమాదాలే జరుగుతాయి.

కెనడావాళ్లది మరో సందేహం. ‘అతడి’ సంగతి తర్వాత, ముందు ఈవిడ ‘వ్యక్తి’ అవునా అని. 1916లో ఎమిలీ మర్ఫీ ఎడ్మంటన్‌లో మేజిస్ట్రేటుగా కూర్చుంటే, చట్టం దృష్టిలో మీరు వ్యక్తి కారు, మీ తీర్పు చెల్లదని ఒక లాయరు అభ్యంతరం చెప్పారు. ఈ వ్యక్తి ప్రశ్న చివరికి ఆడవాళ్లు అక్కడి ఎగువసభ సెనేట్‌లో కూర్చోవచ్చా అన్నదాకా పాకి, సముద్రం దాటి, కెనడాకు అప్పటి ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్‌కు చేరి, 1929లో ‘అవును, వ్యక్తే’ అని తేలింది. పదమూడేళ్లు. మన సివిల్ దావాలు చూసినవాళ్లకు ఇదేమంత ఆలస్యంగా అనిపించదు.

ఇదంతా పాత కథ కదా అంటారా? ఆమధ్య ఓ కోర్టు వరండాలో విన్న సంభాషణ ఇది. కాగితాల కట్టతో ఒక పెద్దాయన, నల్లకోటులో ఒక లాయరు.

‘లాయరు గారు ఎప్పుడొస్తారమ్మా?’

‘నేనేనండి, చెప్పండి.’

‘అది కాదమ్మా. వాదించే లాయరు గారు?’

‘వాదించేదీ నేనే.’

పెద్దాయన కాసేపు ఆలోచించారు. కట్ట తీసుకెళ్లి ఆమె పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టారు. ఆ కుర్రాడు ఆమె దగ్గర జూనియర్‌గా చేరి అప్పటికి నాలుగు రోజులు.

జడ్జి కుర్చీ దాకా ఎక్కితే ఈ తిప్పలు ఉండవనుకోకండి. అమెరికా సుప్రీంకోర్టులో ఎవరి మాటకు ఎవరు అడ్డొస్తున్నారో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో లెక్క తీశారు. 2015 నాటి వాదనల్లో తొమ్మిది మంది జడ్జీల్లో ఆడవాళ్లు ముగ్గురే, మాట మధ్యలో తెగ్గోయడాల్లో దాదాపు మూడింట రెండొంతులు ఆ ముగ్గురికే. వాటా తగ్గిందని ఫిర్యాదు చేయడానికి లేదు. కాలం గడిచేకొద్దీ ఆ జడ్జీలు ‘ఒక్క మాట అడగొచ్చా’ లాంటి మర్యాదలు తగ్గించుకుని నేరుగా ప్రశ్నలోకి దిగడం నేర్చుకున్నారట. మర్యాద పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు అందుకుంటుంటే ఏం చేస్తారు మరి.

మన సుప్రీంకోర్టు 2023లో జడ్జీల కోసం ఒక చేతిపుస్తకం వేసింది. ‘కెరీర్ వుమన్’ అని రాయకండి, ‘వుమన్’ అంటే చాలు అని అందులో ఉంది. ఒక్క మాట కొట్టేయడమే, ఇంత చిన్న పనికి పుస్తకమెందుకని కొందరికి అనిపించవచ్చు. పై కథలు చదివాక అనిపించకూడదు.

మన తెలుగు వ్యాకరణం మాత్రం తక్కువ తిన్నదా? ఫైలు వచ్చింది, కరెంటు వచ్చింది, లాయరమ్మ వచ్చింది. ఆడమనిషి ఒక్కతే ఉంటే ఆమె క్రియకూ ఫైలు క్రియకూ తేడా లేదు. మనుషుల్లో పడాలంటే కనీసం ఇద్దరుండాలి, అప్పుడే ‘వచ్చారు’. సుప్రీంకోర్టు 1950లో మొదలైంది, అందులో తొలి మహిళా జడ్జి ఫాతిమా బీవీ 1989లో వచ్చింది. ఆ ముప్పై తొమ్మిదేళ్లూ స్త్రీలింగ క్రియతో అవసరమే పడలేదు. 2021 ఆగస్టు 31న మాత్రం ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి జడ్జీలుగా ప్రమాణం చేశారు కాబట్టి, ఎవరికి ఇష్టమున్నా లేకపోయినా ‘వచ్చారు’ అనక తప్పలేదు.

ఇంత చెప్పాక వెనక్కి వెళ్లి చూసుకున్నాను. జడ్జీలు సెలవిచ్చారు, వివరించారు, తేల్చారు, తొందరపడ్డారు కూడా. రెజీనా గుహ వెళ్లింది. రాసేటప్పుడు చెయ్యి తడబడలేదు. వ్యాకరణమే అయి ఉంటుంది.