బాబాయి రూపాయి బిళ్ళ

ఇల్లు కట్టించేటప్పుడు మా బాబాయి వడ్రంగి మేస్త్రీ దగ్గర ఒక విద్య పట్టాడు. ప్లైవుడ్ షీటు మీద రూపాయి బిళ్ళతో కొడుతూ పోవడం. పొరల మధ్య జిగురు పట్టిన చోట టక్‌మని గట్టిగా పలుకుతుంది. పట్టని చోట గాలి చేరి డొల్లగా మోగుతుంది. ఫ్యాక్టరీల్లో ఈ పని అల్ట్రాసౌండ్ మెషీన్లు చేస్తాయి. ఇటు నుంచి పంపిన ధ్వని గాలి సందు దాటి అటు చేరలేదు. షీటుకి గీత కూడా పడకుండానే గుట్టు రట్టు.

అప్పట్నుంచి బాబాయిని పట్టేవాళ్ళు లేరు. పెళ్ళిచూపులకు తీసుకెళ్ళినా ముందు టీపాయ్ మీద టక్ టక్.

మొన్న ఆయన వియ్యంకుడి గృహప్రవేశం. వ్రతానికి పంతులుగారు తొందరపెడుతున్నారు. బాబాయి మాత్రం టీవీ యూనిట్ ముగించి, వార్డ్‌రోబులు ముగించి, బాత్రూమ్ తలుపు దగ్గర తేలాడు. నీళ్ళు కింది అంచు నుంచే ఎక్కుతాయి కాబట్టి పొరలు లేచేది ముందు అక్కడే. పట్టుపంచె ఎగ్గట్టి, గొంతుకూర్చుని, చెవి తలుపుకి ఆనించాడు.

టక్ టక్.

"ఆఁ, ఉన్నా!"

బాబాయి ధ్యాసంతా జిగురు మీద. రెండంగుళాలు జరిగి మళ్ళీ టక్ టక్.

"వస్తున్నా పంతులుగారూ, ఇంకో రెండు చెంబులే!"

టక్ టక్. డొబ్.

"దొరికింది!" అని బాబాయి కేకెయ్యడమూ, ముహూర్తం దాటిపోతోందని హడలిపోయిన వియ్యంకుడు తువ్వాలు చుట్టుకుని, సబ్బు నురగతోనే తలుపు లాగడమూ ఒక్కసారే జరిగాయి. అది లోపలికి తెరుచుకునే తలుపు. బాబాయి నేరుగా వెళ్ళి వియ్యంకుడి పాదాల మీద పడ్డాడు.

"అయ్యయ్యో బావగారూ, ఆడపిల్ల తండ్రైతే మాత్రం ఇదేం మర్యాదండీ, లేవండి!"

"మీ తలుపు డొల్ల, బావగారూ" అన్నాడు బాబాయి, కింద నుంచే.

ఫొటోగ్రాఫర్ మాత్రం తన పని తాను చేసుకుపోయాడు.

ఆయనకా విద్య నేర్పిన మేస్త్రీయే ఆ తలుపూ బిగించాడు. మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. "ఫ్లష్ డోర్ లోపల చెక్క ముక్కలు పేరుస్తారండీ. వాటి సందు మీద కొట్టి జిగురు లేదంటే ఎలా? పోనీ, పొరలు ఆనుకునే ఉండి జిగురుకి బలం లేదనుకోండి, అప్పుడూ టక్కుమనే అంటుంది. మీ బిళ్ళ సరే, మెషీన్లకే అది చిక్కడం కష్టం. ముక్క కోసి ఉడకబెట్టాల్సిందే. తడికి ఓర్చే ఐఎస్ 710 ప్రమాణం మెరైన్ ప్లై అయితే 72 గంటలు!"

"72 గంటలు..." బాబాయి పంచె పిండుకుంటూ ఆలోచనలో పడ్డాడు.

పిన్ని నన్ను పక్కకు లాగింది. "ఒరేయ్, మీ బాబాయి ఇంటికొచ్చేలోపు మా గ్యాసు బండ మీ ఇంటికి చేర్చెయ్యి."