కరువుకు తట్టుకునే ఉపాధి

మెట్ట ప్రాంతాల్లో కరువుకు తట్టుకునే జీవనోపాధి ఏదా అని ఆర్థికవేత్తలు యాభై ఏళ్లుగా వెతుకుతున్నారు. జొన్న, ఆముదం, మేకలు, వలస... అన్నీ చూశారు. కళ్లెదుటే ఉన్నదాన్ని మాత్రం వదిలేశారు: జీవనోపాధుల మీద పరిశోధన. వానలు పడితే ఒక పేపరు, పడకపోతే రెండు.

పాత మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లినే తీసుకోండి. 1975లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు అక్కడ ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టారు. పంటెంత, అప్పెంత, ఎడ్లను ఎప్పుడు అమ్ముకున్నారు, అంతా ఎక్కింది. మంచి లెక్కలే, అబద్ధమాడకూడదు. వాటితోనే 1994లో ఒక పెద్ద ఆర్థికశాస్త్ర పత్రికలో తేల్చారు: ఒక ఇంటి పంట పోయినా ఆ ఇంటి తిండి మరీ అంత పడిపోదట, ఊరు చాలావరకు ఆదుకుంటుందట. చేబదులిచ్చిన పొరుగింటాయన పేరు రచయితల్లో లేదు.

అంతకుముందు 1980లో అచ్చయిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. నాణెం ఎగరేసి, నిజం డబ్బుతో పందెం ఆడించి, రైతుకు రిస్కంటే ఎంత భయమో కొలిచారు. చాలామంది ఓ మోస్తరుగా భయపడతారని తేలింది. ఏటా జూన్‌లో అప్పు తెచ్చి, గింజలు మట్టిలో పోసి, మొగులు చూస్తూ కూర్చునే మనిషికి పెట్టిన పరీక్ష అది. పెట్టినవాళ్లకు నెల జీతం.

1990ల చివర్లో బ్రిటన్ సహాయ శాఖ పేదల ఆస్తులను కొలవడానికి ఐదు మూలల బొమ్మ ఒకటి ఇచ్చింది, మూలకో రకం పెట్టుబడి. అందులో మన ప్రొఫెసర్ గారిని కూర్చోబెడదాం. మానవ పెట్టుబడి: శిష్యులు, ఫీల్డు పనంతా వాళ్లదే. సామాజికం: మూడు ఖండాల సదస్సులు. భౌతికం: ప్రాజెక్టు కారు. ఆర్థికం: గ్రాంటు, దాని వెనకే ఇంకో గ్రాంటు. సహజ వనరుల్లో మాత్రం డిసెంబరు చలిగాలి ఒక్కటే. వచ్చేవాళ్లంతా చల్లని రోజుల్లో తారురోడ్డు పక్క ఊళ్లకే పోతారని గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1983లోనే రాశాడు. ఆ ముక్కను థీసిస్ మొదటి అధ్యాయంలో భక్తితో ఉటంకించి, డిసెంబరులోనే బయల్దేరతారు.

నా సిఫారసు ఒక్కటే. జవాబుకు కూలి కట్టండి. పూట పని మానుకుని కూర్చున్నందుకు ఇప్పుడు ముట్టేది ఓ స్టీలు గిన్నె. గత నెలలో ఎన్ని గుడ్లు తిన్నారని అడిగితే అవ్వ వేళ్లు మడిచి ఆగుతుంది.

"మీ సార్లకు వండిపెట్టినవి గూడ కలపాల్నా బిడ్డా?"

ఆ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.