ఒక్క స్క్రూ కోసం ఎస్పీ రోడ్డు దాకా

శనివారం పొద్దున దుమ్ము దులుపుదామని సీపీయూ డబ్బా విప్పాను. తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డును వెనక రేకుకు పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటి చేతిలోంచి జారింది. మంచం కింద చీపురు పెట్టి లాగాను, రాలేదు. బోర్డు మీద పడి ఉంటే షార్ట్ అవుతుందని టెన్షన్. డబ్బా పడుకోబెట్టి, ఊపి, టార్చ్ వేసి చూశాను. అక్కడా లేదు. కార్డేమో కిలో పైనే బరువు, ఒంటి స్క్రూ మీద వదిలేయడానికి మనసు ఒప్పలేదు.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో అడిగితే "ఎన్ని ఎంఎం సార్?" అన్నాడు. నాకేం తెలుసు! కంటికి అలాగే కనిపించిన ఎం3 (3 ఎంఎం లావుది) ఒకటి తెచ్చాను. తిప్పితే తిరుగుతూనే ఉంది, పట్టు మాత్రం లేదు.

అప్పుడు కూర్చుని వెతికితే తెలిసింది. కార్డు బిగించే స్క్రూ అసలు ఎంఎం లెక్కలోదే కాదు, అమెరికా వాళ్ల అంగుళాల లెక్కలోది. పేరు 6-32. 6 అనేది లావు నంబరు, అంటే మన లెక్కలో సుమారు 3.5 మిల్లీమీటర్లు. 32 అంటే అంగుళానికి 32 చుట్లు. పొడవు పావు అంగుళం చాలు. ఎం3 లావు 3 మిల్లీమీటర్లే కాబట్టి ఆ రంధ్రంలో వదులు. పోనీ 6-32ని ఎం3 రంధ్రంలో బలవంతంగా తిప్పామా, త్రెడ్ పోతుంది. పెద్ద హార్డ్‌డిస్కుకు 6-32 కావాలి, అదే పని చేసే రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీకి ఎం3 కావాలి. ఒకే డబ్బాలో రెండు వేరు కుంపట్లు!

మన దేశం 1956లోనే చట్టం చేసుకుని మెట్రిక్‌లోకి వచ్చేసింది. వీధి షాపు వాడి దగ్గర ఎం3, ఎం4 ఉంటాయి. మళ్లీ వెళ్లి 6-32 అని అడిగితే, ఫోన్ నంబరు సగం చెప్పి ఆపినట్టు నా మొహం చూశాడు. అతని తప్పేం లేదు.

నా కోపమంతా కేబినెట్ చేసినవాళ్ల మీద. వేలు పోసి కొన్న డబ్బాతో ఇచ్చిన పుస్తకంలో "స్క్రూ ఎ", "స్క్రూ బి" అని బొమ్మలున్నాయి. సైజు ఎక్కడా లేదు. రంగు లైట్ల గురించి రెండు పేజీలు రాసినవాళ్లకు 6-32 అని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? పోనీ, నాలుగు స్క్రూలు ఎక్కువ వేస్తే వాళ్ల ఆస్తేం కరిగిపోదు కదా.

చివరికి రెండు బస్సులు మారి, కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లాను. మొదటి రెండు షాపుల్లో ఒక్క స్క్రూ బేరమేనని తల తిప్పుకున్నారు. మూడోది పాత సామాన్ల కొట్టు. నా తెలుగు యాస వినగానే "మాదీ చిత్తూరు పక్కే నాయనా" అన్నాడు పెద్దాయన. పాడైన పవర్ సప్లై వెనక స్క్రూలు రెండు ఊడదీసి చేతిలో పెట్టాడు. "దీనికీ కార్డుకీ ఒకటే స్క్రూ. పది రూపాయలియ్యి."

ఇంటికొచ్చి బిగిస్తే రెండు చుట్లకే గట్టిగా పట్టింది. తర్వాత పక్క తలుపు మూస్తూ దాని స్క్రూ చూశాను, వేళ్లతో తిప్పే పెద్ద తలది. అనుమానమొచ్చి కార్డు రంధ్రంలో పెట్టి తిప్పాను.

సరిగ్గా సరిపోయింది. రెండేళ్లుగా నా ముందే ఉంది అది.