పాత వేషం సరే, పాత ఆయుష్షు ఏది?

పాత డిజిటల్ రేడియో తీసేసి, పాతకాలపు రూపంలో చేసిన కొత్త డిజిటల్ సెట్టు, అంటే రెట్రో మోడల్ ఒకటి కొన్నాను. చెక్క పెట్టె, స్పీకర్ మీద నేత గుడ్డ, ఇత్తడి రంగు నాబ్‌లు. ఎంత ముచ్చటగా ఉందో! అయినా మనసులో మాట చెప్పకుండా ఉండలేను.

అసలు నా పాత సెట్టు చెడిపోనేలేదు. స్పీకరు, బటన్లు, ఏరియల్ అన్నీ భేషుగ్గా ఉన్నాయి. 1995లో డాబ్ అనే డిజిటల్ రేడియో ప్రసారాలు మొదలైనప్పుడు శబ్దాన్ని ఎంపీ2 పద్ధతిలో కుదించి పంపేవారు. 2007లో శబ్దాన్ని ఇంకా బాగా కుదించే డాబ్ ప్లస్ వచ్చింది. అంతే జాగాలో ఎక్కువ స్టేషన్లు పడతాయి కాబట్టి ఒక్కొక్కటే అటు మారిపోయాయి. నా సెట్టుకి ఎంపీ2 తప్ప మరొకటి తెలీదు. స్కాన్ చేసినప్పుడల్లా స్టేషన్ల జాబితా తగ్గిపోతూ వచ్చింది. నిక్షేపంలా పనిచేసే వస్తువుని మూలన పడేయాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. నార్వే అయితే 2017లో జాతీయ ఎఫ్‌ఎం ప్రసారాలే ఆపేసింది. అక్కడ ఎఫ్‌ఎం మాత్రమే పట్టే సెట్లకి ఆ స్టేషన్లన్నీ దూరమయ్యాయి.

ఇక కొత్తదాని సంగతి. నాబ్ తిప్పితే టిక్ టిక్ మంటూ తెరమీద పేర్లు కదులుతాయి, నొక్కితే కాసేపు ఆగి పాట వస్తుంది. గాజు వాల్వులతో నడిచే పాతకాలపు సెట్లో ముల్లు జరుపుతుంటే గరగర మధ్యలోంచి గొంతు మెల్లగా తేలివచ్చేది. అది ఇందులో ఎలాగూ రాదు, నాకు పేచీ లేదు. సిగ్నల్ బలహీనపడితే గరగర ఉండదు, మాట తెగిపోతుంది. అదీ సర్దుకుంటాను.

నాకు ఒళ్లు మండేది వేరే చోట. ఆ రోజుల్లో వాల్వు కాలిపోతే వెనక అట్ట విప్పి, పీకి, కొత్తది గుచ్చేవాళ్లు. చాలా సెట్లలో సర్క్యూట్ బొమ్మ కూడా లోపలే అంటించి ఉండేది, ఎవరైనా బాగుచేసుకోమని! ఆ పెట్టె రూపాన్ని ఇంత శ్రద్ధగా తెచ్చిన కంపెనీలు ఆ ఒక్క గుణాన్నీ ఎందుకు వదిలేశాయి? నేను చూసిన మోడళ్లలో సగానికి పైగా బ్యాటరీ లోపల బిగించేసి ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గురించి అడిగితే అమ్మేవాళ్లకే తెలీదు. రేపు మళ్లీ ప్రసార పద్ధతి మారితే ఈ చెక్కపెట్టె గతీ అంతేగా?

అందుకే రంగు చివర చూశాను. బ్యాటరీ చేత్తో తీసి మార్చుకునేలా ఉందా, యూఎస్‌బీ ద్వారా అప్‌డేట్ చేసుకోవచ్చా, డాబ్ ప్లస్‌తో పాటు ఎఫ్‌ఎం కూడా ఉందా అని మాన్యువల్ చదివాకే కొన్నాను. ఇంతకంటే అందమైనది పక్కనే ఉన్నా వదిలేశాను.