దండం పెట్టిన చెంచా

ప్లాస్టిక్ చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. స్టీలువి అద్దెకు తెస్తే లెక్క తేలదు. అందుకని ఒడిశాలోని పర్లాకిమిడి పెళ్లికి మూడొందల కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) చెంచాలు దిగాయి. కొనమన్నది పెళ్లికూతురి బాబాయి, పాలిమర్లు చదివినాయన. పేరెందుకు లెండి, ఇది రాస్తున్న చెయ్యీ ఆయనదే.

వేడికి ఆగుతాయా అంటే కొట్టాయన "బ్లెండండీ, చలిబొ" (ఒడియాలో 'నడుస్తుంది') అన్నాడు. బ్లెండే. పీఎల్ఏ అనే గట్టి ప్లాస్టిక్ విరక్కుండా కాస్త పీబీఏటీ అనే మెత్తటి ప్లాస్టిక్ కలుపుతారు. కానీ ఆ రెండూ పెళ్లిలో ఇరువైపుల చుట్టాల్లాంటివి. ఒకే చాప మీద కూర్చుంటాయి, కలవవు. పీబీఏటీ మైనస్ 30 డిగ్రీల దగ్గరే మెత్తబడి ఉంటుంది, పీఎల్ఏ 60 దాకా బిగుసుకుని ఉంటుంది. చెంచా నిలబడేది పీఎల్ఏ బిగువు మీదే. మన పాయసం (వంటాయన భాషలో ఖిరి) 80కి తక్కువుండదు.

వియ్యంకుడుగారు చెంచా ముంచారు. జీడిపప్పు కోసం అడుగుదాకా దింపి కాసేపు దేవారు. ఆ దేవడమే కొంప ముంచింది. పైకెత్తేసరికి చెంచా మెల్లగా నడుం వంచి, తల దించి, పాయసమంతా ఆయన పట్టుపంచెకు సమర్పించుకుంది. "ఏటి బావగారూ, మీ చెంచా కూడా దండం పెడతందేటి?" అన్నారాయన. వేలితో నిలబెట్టబోయారు. ఈలోగా 60 కిందకి చల్లారి, సగం దండంలోనే బిగుసుకుపోయింది.

లోపం చెంచాది కాదు, తొందరది. పీఎల్ఏలో స్ఫటికాలు కడితే 60 దాటినా చెంచా వంగదు. అవి కట్టాలంటే 100, 120 డిగ్రీల మధ్య కొన్ని నిమిషాలు పడుతుంది. కాస్త టాల్క్ పొడి కలిపి, అచ్చు వేడిగా ఉంచితే త్వరగా కడతాయి. చల్లటి అచ్చులో పోసి సెకన్లలో బయటికి తోసేస్తే వాటికి తీరికేదీ? వేడి అచ్చులో ఒక్కో చెంచాకీ ఎక్కువసేపు పడుతుంది, అదీ చేసేవాళ్ల బాధ.

ఇది తెలిసిన బాబాయి ఊరుకోవాలిగా! మిగిలిన చెంచాలను ఇడ్లీ పాత్రలో పెట్టి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టించాడు. శాస్త్రం తప్పలేదు. కాకపోతే స్ఫటికాలు కట్టేలోపే చెంచాలు 60 దాటి మెత్తబడతాయి, అచ్చులో దాచుకున్న బిగువంతా వదిలి ఒళ్లు విరుచుకుంటాయి. కదలకుండా బిగించి పెట్టాలి. మూత తీస్తే జిలేబీలు. వంటాయన ఒకదాన్ని పొగలు కక్కే పాయసంలో పడేసి చూశాడు. ఈసారి వంగనే లేదు. స్ఫటికాలు కట్టాయి మరి! నోట్లో పెట్టుకునే వీలే లేదు.

ప్యాకెట్ మీద మాత్రం ఐఎస్ 17088 అని గర్వంగా ఉంది. అది 58 డిగ్రీల కంపోస్టులో 180 రోజుల్లో ఎంత కుళ్లుతుందో చూసే పరీక్ష. ఎంత వేడికి వంగుతుందో ఒక్క అంకె వేస్తే ఇంకు అయిపోతుందా?

మూడో బంతికి పాయసం గ్లాసుల్లో పోశారు. గ్లాసులూ ఆ కొట్టువే.